పొగగొట్టాలకు పెట్టిన బొట్లు

మా చెరువులో నీళ్లుండి ఉంటే నేను ఇంత పిరికివాణ్ణి అయ్యేవాణ్ణి కాదు.

అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోయే రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది ఆ చెరువు. కట్ట ఉంది, తూము ఉంది, తూముకు ఇనుప తలుపు కూడా ఉంది. నీళ్ల విషయంలో మాత్రం కాస్త వెనకబడింది. లోపలంతా ఎండుగడ్డి, అంచుల్లో కంపచెట్లు. కార్లంటే పిచ్చి ఉన్నవాళ్లు కొందరు కలిసి ఎండాకాలం మొదట్లో అక్కడ మట్టి రేసు పెడతారు. కార్లు గుంపుగా పోవు. ఒక్కొక్కటే బయల్దేరి, సున్నంతో గీసిన దారిలో చెరువును చుట్టి, కట్ట దగ్గరికి తిరిగి రావాలి. ఎవరు తొందరగా వస్తే వాళ్లు గెలిచినట్టు. మధ్యలో కొంత దూరం కంపచెట్లు అడ్డమొచ్చి కారు కనపడదు. ఆ కొంత దూరం గురించే ఇదంతా రాస్తున్నాను.

మా ఇంట్లో కారు నడిపేది నా భార్య. నేను ఇంజన్ కట్టేవాణ్ణి. ఇద్దరం ఒకే కాలేజీలో మెకానికల్ చదివాం. పని అప్పుడే పంచుకున్నాం: ధైర్యం ఆమెది, స్పానర్లు నావి. ఊరి చివర నాకొక షెడ్డు ఉంది. మామూలు రోజుల్లో ట్రాక్టర్లు, ఆటోలు బాగుచేస్తాను. తీరిక దొరికినప్పుడు, ఆమె పాత కారుకు దాన్ని తయారుచేసినవాళ్లు ఇవ్వని బలాన్ని ఎక్కిస్తుంటాను. ఇల్లు షెడ్డు వెనకే. మా అమ్మ మాతోనే ఉంటుంది. ఆమెకు ఒక బర్రె, బర్రెకు పెరట్లో ఒక వామి. వామి అంటే చెనక్కాయలు కోసుకున్నాక మిగిలిన ఎండు తీగల కుప్ప. మావైపు బర్రెలు ఏడాదంతా దాని మీదే బతుకుతాయి. మనుషులు ఆ చెనక్కాయల ధర మీద బతుకుతారు. బర్రెల పరిస్థితే కొంచెం నయం.

ఒక ఏడు పోటీలో మా కారు కంపచెట్ల వెనక్కి పోయింది, రావలసిన వేళకు రాలేదు. ఇంజన్ చప్పుడు ఆగింది. కాసేపటికి చెట్ల పైన సన్నగా పొగ లేచింది. తెల్లగా మొదలై నల్లబడింది. అది రంగు మారడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఆ సేపంతా నేను పరిగెత్తుతూ ఉన్నానని తర్వాత ఎవరో చెప్పారు. నేను చేరేసరికి ఆమె గడ్డిలో కూర్చుని ఉంది. సీటు బెల్టు ఒక పట్టాన ఊడలేదు, తలుపు తెరుచుకోలేదు, కిటికీలోంచి దూకింది. ఎడమచెయ్యి మోచేతి దాకా కమిలిపోయింది. కనుబొమల్లో ఒకటి లేదు.

నన్ను చూసి, "కారు కొంచెం వేడెక్కిందప్పా," అంది.

"అవును, కనపడతాండాది," అన్నాను.

అంతే మాట్లాడుకున్నాం. ఆ తర్వాత చాలా కాలం, ఎక్కడైనా చెనక్కాయలు వేయించే వాసన వస్తే ఆ గడ్డి కాలిన వాసనే గుర్తొచ్చి, లేచి బయటికి పోయేవాణ్ణి. అనంతపురంలో కాపురం ఉంటూ ఆ వాసన పడదనడం కొంచెం ఇబ్బందే.

నిప్పుకు కారణం చాలా చిన్నది. ఇంజన్‌లో కాలిన పొగను బయటికి తెచ్చేందుకు నాలుగు గొట్టాలుంటాయి. నాలుగూ కిందికి వంగి ఒకటిగా కలుస్తాయి. దాన్ని ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ అంటారు. కారును గట్టిగా నడిపితే ఆ గొట్టాలు కొలిమిలో పెట్టిన ఇనుములా ఎర్రబడతాయి. చెరువులోని ఎండుగడ్డి కిందినుంచి ఎగిరొచ్చి వాటి సందుల్లో ఇరుక్కుంది. మిగతా పని గడ్డే చేసుకుంది.

చెయ్యి మానాక ఒకరోజు ఆమె షెడ్డుకొచ్చి, సగం కాలిన కారు చుట్టూ తిరిగి, "మళ్లీ కడదాం," అంది. నాకు వద్దనాలని ఉంది. నోరు తెరిస్తే, "అయితే ఈసారి గొట్టాలకు సెరామిక్ పూత వేద్దాం," అని వచ్చింది. భయమేస్తోందని చెప్పడానికి ఇంజనీర్లకు ఉన్న పద్ధతి అదొక్కటే.

ఆ పూత పింగాణీ జాతిది. వేడిని గొట్టం లోపలే పట్టి ఉంచి, పొగతోపాటు వెనక్కి పంపిస్తుంది. గొట్టం పైభాగం కాలకుండా ఉండదు గానీ, గడ్డి అంటుకునేంత కాలదు. కనీసం దూరపు ఊరి నుంచి వచ్చిన ఆ చిన్న డబ్బా మీద అలాగే రాసి ఉంది. నేను దాన్ని నమ్మాలని నిర్ణయించుకున్నాను.

ఇంజన్ మొత్తం విప్పాను. సిలిండర్లు కొత్తగా బోరు కొట్టించాను, పిస్టన్లు మార్చాను, కరిగిపోయిన వైర్లన్నీ పీకి కొత్తవి లాగాను, అడుగున గడ్డి రాకుండా ఇనుప జాలీ బిగించాను. ఆ పనుల్లో నాకు భయం లేదు. పొరపాటు జరిగితే ఇంజన్ ఆగిపోతుంది, కారు చెరువులో నిలబడిపోతుంది, నలుగురు నవ్వుతారు. నవ్వితే ఎవరూ కాలిపోరు. గొట్టాల దగ్గరికొస్తేనే నా చేతులు నెమ్మదించేవి. కొత్త స్టీలు గొట్టాలు వంచి వెల్డింగ్ చేసి, ఆ అతుకులను నేనే పదేపదే తడిమి చూసుకునేవాణ్ణి, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు.

పూత పట్టాలంటే ముందు స్టీలు మీదున్న నునుపంతా పోవాలి. గాలి ఒత్తిడితో ఇసుకను కొట్టి గరుకు చేయాలి. ఆ యంత్రం మా చుట్టుపక్కల కార్ల షాపుల్లో దొరకలేదు. యాడికి అనే ఊరి దగ్గర నల్లరాళ్ల మీద పేర్లు చెక్కే షాపులో దొరికింది. శంకుస్థాపన రాళ్ల మీద అక్షరాలు అదే యంత్రంతో చెక్కుతారు. ఆ రాళ్లలో కొన్నిటికి తర్వాత భవనం తోడు రాదు, అది వేరే సంగతి. ఇసుక కొట్టాక నా గొట్టాలు ముగ్గుపిండి పూసినట్టు బూడిదరంగులో తేలాయి. ఇక పూత పడేదాకా వాటిని వట్టి చేత్తో తాకకూడదు. వేలిజిడ్డు చాలు, అక్కడ పూత పట్టదు. పట్టినట్టు కనిపించి, వేడెక్కాక లేచిపోతుంది.

పూత వేశాక దాన్ని కాల్చి గట్టిపరచాలి. దానికి పెద్ద ఓవెన్ కావాలి. అది మా ఊళ్లో బీరువాలు చేసే అన్న దగ్గర ఉంది. రేకు బీరువాలకు రంగుపొడి చల్లి అందులోనే కాలుస్తాడు. పెళ్లిళ్ల కాలం కాబట్టి ఆ రోజు ఓవెన్ నిండా బీరువాలున్నాయి, మరుసటి రోజు రమ్మన్నాడు. గొట్టాలను ఇంటికి తెచ్చి, ముందుగదిలో దూలానికి తీగతో వేలాడదీసి, తెల్లగుడ్డ కప్పాను.

అమ్మ గుడ్డ ఎత్తి చూసింది.

"ఏందిరా ఇది, గొర్రె పేగుల మాదిరి ఉండాది."

"కారు పేగులేలేమ్మా. చేత్తో ముట్టొద్దు. చేతి జిడ్డు తగిల్తే పూత ఊడిపోతాది."

"నా చేతికేం జిడ్డురా? పొద్దున్నించీ గిన్నెలు తోమతాండా."

"ఎవరి చేతికైనా ఉంటాది."

"సరేలే. చేత్తో ముట్టను," అంది.

ఆ మాట ఆమె తప్పలేదు.

మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఇంటికి ఏ వస్తువొచ్చినా ఆమె పసుపూ కుంకుమా పెట్టకుండా వాడనివ్వదు. మిక్సీకి, ఫ్రిజ్జుకు, నా వెల్డింగ్ మిషన్‌కు, ఆఖరికి సెల్‌ఫోన్ ఛార్జర్‌కు కూడా బొట్లుంటాయి. పొలంలో బోరు మోటారు స్టార్టర్ డబ్బా మీద బొట్టు మీద బొట్టు పడి, అది ఇప్పుడు డబ్బా కంటే మందంగా ఉంది. బోరులో నీళ్లు అడుగంటిపోయినా బొట్టు మాత్రం ప్రతి శుక్రవారం పడుతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసినదాన్ని జ్ఞాపకం పెట్టుకోవడం వేరే విద్య.

మర్నాడు బీరువాల అన్న షాపులో, చేతులకు తొడుగులు వేసుకుని, ముఖానికి గుడ్డ కట్టుకుని, గొట్టాల లోపలా బయటా నేనే పూత చల్లాను. ఆయన ఓవెన్ గదంత ఉంటుంది. బీరువాలు వేలాడే కొక్కేనికి నా పేగులను తగిలించి తలుపు మూశాం. వేడి ఎక్కుతుండగా ఆయన ముక్కు ఎగబీల్చాడు.

"ఏమప్పా ఇంజనీరూ, ఆముదం వాసన వస్తాండాది."

"మీ బీరువాలదేమో అన్నా."

"నా బీరువాలకు ఆముదం ఎవరు రుద్దుతారప్పా? పురిటి బిడ్డలా అవి?"

"పూత ఆరేటప్పుడు ఏదో ఒక వాసన వస్తాది లే."

"నీ ఇష్టం. నా ముక్కైతే ఆముదమే అంటాంది."

చల్లారాక బయటికి తీస్తే గొట్టాలు కొత్త పలకలా నల్లగా, మెరుపు లేకుండా, చాలా మర్యాదగా ఉన్నాయి. ఎక్కడా మచ్చ లేదు. ఆ రాత్రి నేను బాగా నిద్రపోయాను. ఈ విషయం ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, మంటల తర్వాత అలాంటి రాత్రులు పెద్దగా లేవు.

ఇంజన్ కారులో కూర్చుంది. మొదటిసారి తాళం తిప్పగానే పలికింది. మెల్లగా వేడి చేశాం, చల్లార్చాం, మళ్లీ వేడి చేశాం. అంతా బాగానే ఉంది. బాగుండటం నాకు నచ్చలేదు. కంపచెట్ల వెనక్కి పోయేదాకా ఆ రోజు కూడా అంతా బాగానే ఉంది.

అప్పుడే నా భార్య సాయంత్రాల్లో ఒక అలవాటు చేసుకుంది. షెడ్డులో నేను ఏదో బిగిస్తుంటే, ఆమె ఆగివున్న కారులో కూర్చుని బెల్టు పెట్టుకునేది. టక్ మని చప్పుడు. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ టక్. తర్వాత కిటికీలోంచి బయటికొచ్చేది. మళ్లీ ఎక్కి మళ్లీ అదే.

"ఏం చేస్తాండావు?" అని అడిగాను.

"బకిల్ కొత్తది గదా, సరిగా ఉండాదా లేదా అని చూస్తాండా."

ఇంకో సాయంత్రం కారు చాటు నుంచి చూశాను. ఆమె కళ్లు మూసుకుని ఉంది. కళ్లు మూసుకునే బకిల్ వెతికింది, ఊడదీసింది, చేత్తో కిటికీ అంచు తడుముకుంటూ బయటికొచ్చింది. ఎందుకు కళ్లు మూసుకుందో అర్థం కావడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. పొగలో కళ్లు పనిచేయవు. నేను వచ్చి మళ్లీ నా నట్టు బిగించుకున్నాను. అది అప్పటికే బిగించిన నట్టు.

పోటీకి ముందురోజు, ఎండ దిగుతుండగా, అమ్మ పళ్లెంతో షెడ్డుకొచ్చింది. కారుకు పూజ. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు, అద్దానికి బొట్టు, స్టీరింగ్‌కు బొట్టు. నా భార్య బానెట్ ఎత్తబోయింది.

"అత్తా, ఇంజన్‌కు గూడా పెట్టు. పోయినసారి దానికి పెట్టలేదనే అలిగింది."

"దానికెప్పుడో పెట్నా లేమ్మే," అంది అమ్మ.

"ఎప్పుడు?" అన్నాను నేను. చిన్నగానే అన్నాను.

"ఆ పేగులు ఇంట్లో ఏలాడతాండె సూడు, ఆ పొద్దు."

"చేత్తో ముట్టొద్దంటి గదమ్మా."

"చేత్తో యాడ ముట్టినారా? వత్తి ముంచి ఆముదం రాసినా, పుల్లతో బొట్టు పెట్నా. ఉత్త పసుపు ఇనుము మీద నిలుస్తాదా? ఐదే బొట్లు. నాలుగూ కలిసే తావ, లోపక్క, నీకు కనపడకుండా. మళ్ల నువ్వు అరుస్తావని కొంగుతో శుభ్రంగా తుడిచినా గూడా."

బీరువాల అన్న ముక్కు గుర్తొచ్చింది. స్టూలు మీద కూర్చున్నాను. తర్వాత లేచి, టార్చి, పంటి డాక్టర్లు వాడే మాదిరి చిన్న అద్దం తెచ్చుకుని, ఇంజన్ వెనక్కి దూర్చి చూశాను. నాలుగు గొట్టాలు కలిసే చోట, లోపలి వైపు, గడ్డి వచ్చి ఇరుక్కునే సరిగ్గా ఆ సందులోనే, పూత ఐదుచోట్ల గోధుమరంగుకు తిరిగి, కాలిన అప్పడంలా పైకి లేచి ఉంది. ఒకచోట అప్పటికే రాలిపోయి స్టీలు కనిపిస్తోంది.

నిజం చెప్పాలంటే, భయంతోపాటు నాకు కొంచెం సంతోషం కూడా వేసింది. ఇన్నాళ్లూ నా భయానికి ఆధారం లేదు. ఇప్పుడు ఐదు ఆధారాలున్నాయి, అద్దంలో చూపించవచ్చు.

"రేపు పోటీ వద్దు," అన్నాను.

నా భార్య అద్దం తీసుకుని తనూ చూసింది. చాలాసేపు చూసింది.

"వేలికొసంత ఉండాయి ఒక్కోటి," అంది.

"వేడికి అంచులు లేస్తాయి. ఇంకా రాలతాది."

"ఎంత రాలతాది?"

"తెలీదు."

"ఈ ఐదు చుక్కల వేడికి గడ్డి అంటుకుంటాదా?"

"తెలీదు. అందుకే వద్దంటాండా. ఇప్పుడు ఊడదీసి మళ్లా పూత వేయాలంటే బీరువాల అన్నకు పెళ్లిళ్లు అయిపోవాల. మనకు పెండ్లయినప్పుడు గూడా ఇంత ఆలస్యం కాలేదు."

ఆమె అద్దం దించింది.

"నువ్వు జోకులు వేస్తాండావంటే భయపడతాండావు. ఈ బొట్లు లేకున్నా నువ్వు ఇంకోటి ఏదో వెతికి పెట్టుకునుంటావు."

నేను టార్చి ఆర్పేశాను.

"నాకూ భయమేప్పా," అంది. కారు వైపు చూస్తూ అంది. "రోజూ కండ్లు మూసుకుని దిగుతాండా, నువ్వు చూస్తాండావని తెలుసు. భయమని మానుకుంటే ఇంగ ఎప్పటికీ మానుకుంటా. నాకు ఉత్త భయం వద్దు. తెలుసుకుని భయపడాల. అంటుకుంటాదా లేదా, ఈడనే చూద్దాం."

అలా తేలింది. కారును షెడ్డులోంచి తోసి పెరట్లో, వామికి దూరంగా నిలబెట్టాం. రెండు బకెట్ల నీళ్లు, నిప్పులార్పే సిలిండర్ తెచ్చిపెట్టాను. అమ్మ వామిలోంచి ఒక పిడికెడు ఎండుతీగ తెచ్చి ఇచ్చింది. ఇచ్చే ముందు, "ఇది బర్రె మేత. మీ ఆటలకు గాదు," అంది. దాన్ని నేను గొట్టాల సందులో, బొట్లున్న చోట కుక్కాను. నేను కాలేజీలో చాలా ప్రయోగాలు చేశాను. వాటిలో దేనికీ పక్కన నీళ్ల బకెట్లు పెట్టుకోలేదు.

ఆక్సిలరేటర్ తొక్కడానికి నా భార్య సీట్లో కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. టక్.

"పెరట్లో బెల్టెందుకు?" అన్నాను.

"రేపు బెల్టుతోనే గదా ఉంటా."

ఇంజన్ అరిచింది. బర్రె తాడు తెంపుకునేంత పని చేసింది. నేను సిలిండర్ పట్టుకుని బానెట్ పక్కన నిలబడ్డాను, అమ్మ నా వెనక. గొట్టాలు మొదట నల్లగానే ఉన్నాయి. కాసేపటికి వాటి పైన గాలి వణకడం మొదలైంది. పూత బాగున్న చోట అంతే, ఇంకేమీ కాలేదు. ఆ సందులో మాత్రం చీకటిలో ఐదు చుక్కలు మెల్లమెల్లగా ఎర్రబడ్డాయి. కుంకుమ రంగు. మా అమ్మ పెట్టిన వరసలోనే ఉన్నాయి, ఒకటి కూడా తప్పిపోలేదు.

తీగ రంగు మారింది. సన్నగా తెల్లటి పొగ లేచింది.

ఆ తెలుపు నాకు తెలుసు. ఆపమని అరిచాను. ఇంజన్ హోరులో నా గొంతు నాకే వినపడలేదు. చెయ్యెత్తి ఊపాను. ఎత్తిన బానెట్ అడ్డం ఉంది కాబట్టి ఆమెకు నేను కనపడను. అదేదో ముందే ఆలోచించి ఉండవలసింది. పొగ బానెట్ దాటి అద్దం వైపు పాకింది. అప్పుడు ఇంజన్ చప్పుడు ఆగింది. టక్ మని వినపడింది. ఆ వెంటనే ఆమె కిటికీలోంచి నేల మీదికి దిగడం చూశాను. కళ్లు మూసుకునే ఉంది. చేతులు ముందుకు చాచి, వామి వైపు తడుముకుంటూ నాలుగడుగులు వేసింది.

నేను సిలిండర్ పిన్ను లాగుతున్నాను. అది రావడం లేదు. ఇంతలో నా పక్కనుంచి ఏదో తెల్లగా దూసుకుపోయింది. అది మా అమ్మ. బకెట్ ఎత్తి నీళ్లన్నీ ఒక్కసారిగా ఇంజన్ మీద కుమ్మరించింది.

బుస్సుమని ఆవిరి లేచింది. దాని లోపలినుంచి, ఎవరో ఎముక విరిచినట్టు, టప్ మని చప్పుడొచ్చింది. మళ్లీ ఒకటి. ఎర్రగా కాలిన గొట్టాల మీద చన్నీళ్లు పోయకూడదని మెకానికల్ చదివిన ఇద్దరికీ తెలుసు. బకెట్ల నిండా నీళ్లు తెచ్చిపెట్టింది వాళ్లే.

ఆవిరి పోయాక చూస్తే, నాలుగు గొట్టాలు కలిసే అతుకు రెండుచోట్ల చీలింది. పూత పెచ్చులుగా లేచింది. తీగ మసిబారి, తడిసి వేలాడుతోంది. అసలు మంటే లేవలేదు. లేచేదేమో, ఇంకొంచెం ఉంటే. ఆ ఇంకొంచెం ఎంతో ఇప్పటికీ నాకు తెలియదు.

నా భార్య కళ్లు తెరిచి వచ్చి చూసింది.

"రేపు లేదు," అంది.

"లేదు," అన్నాను.

అమ్మ ఖాళీ బకెట్ వదలలేదు.

"నువ్వు లోపల ఉండావనుకున్నా గదమ్మే. దిగింది సూడల్యా," అంది. బకెట్ కింద పెట్టి, "పోయినసారి నీ చెయ్యి సూసినప్పట్నించి నాకు నిద్ర యాడ పడతాంది? బొట్టు పెడితే ఏమన్నా ఆగుతాదేమో అని పెట్నా. ఇంగేం జేతకాదు నాకు," అంది.

"పోన్లే అత్తా, గొట్టాలదేముంది."

"ఆముదం రాయకుండా ఉండాల్సిండె."

"ఆ, అది మాత్రం వద్దులే ఇంగ."

ముగ్గురం కారుకు ఆనుకుని కూర్చున్నాం. ముగ్గురం ఇన్ని నెలలుగా ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని తింటూ, ఎవరికి వాళ్లు విడిగా భయపడుతున్నాం. నేను సెరామిక్ డబ్బాతో, ఆమె బకిల్‌తో, అమ్మ ఆముదంతో. కాస్త ముందే చెప్పుకుని ఉంటే కనీసం ఒక మ్యానిఫోల్డ్ మిగిలేది.

ఆ ఏడు పోటీ మేము లేకుండానే జరిగింది. ఎవరో గెలిచారు.

మరుసటి ఏటికి కొత్త గొట్టాలు కట్టాను. యాడికిలో ఇసుక కొట్టించి, ఈసారి ఇంటికి తేకుండా నేరుగా బీరువాల అన్న దగ్గరికి తీసుకుపోయాను. అమ్మను కూడా తీసుకుపోయాను. ఆమెను ఇంట్లో వదిలితే ఆ బొట్టు ఎక్కడ పడుతుందో తెలియదు. ఆమె పళ్లెం పట్టుకుని ఓవెన్ ముందు నిలబడింది.

"అమ్మా, పేగులకొద్దు," అన్నాను.

"మరి యాడ పెట్టాలరా?"

బీరువాల అన్న ముందుకొచ్చాడు. "ఈ తలుపుకు పెట్టు పెద్దమ్మా. ఎన్నైనా పెట్టుకో. ఆముదం గూడా పూసుకో. లోపలికి మాత్రం రావద్దు."

అమ్మ ఓవెన్ తలుపుకు బయటివైపు ఐదు బొట్లు పెట్టింది. ఆముదంతోనే. తలుపు వేడెక్కాక మళ్లీ అదే వాసన. ఈసారి అది ఎక్కడినుంచి వస్తోందో తెలుసు గనక నేను లేచి బయటికి పోలేదు. గుమ్మం దాకా మాత్రం పోయాను. ఆ బొట్లను ఆయన ఇప్పటికీ తుడవలేదు. అప్పట్నుంచి బీరువాలు బాగా పోతున్నాయంటాడు.

ఇంటికొచ్చాక అద్దంతో, టార్చితో చూశాం. పెరట్లో మళ్లీ ఎండుతీగ కుక్కి, మళ్లీ ఇంజన్‌ను అరిపించాం. బకెట్లు మాత్రం పెట్టలేదు. తీగ కొంచెం కమిలింది, పొగ రాలేదు. ఆమె బెల్టు విప్పి, ఈసారి తలుపు తెరుచుకుని, కళ్లు తెరుచుకుని దిగింది. "ఇప్పుడు పోవచ్చు," అంది. నేను సరేనన్నాను. ఆ మాట నా నోటినుంచి రావడం నేనే విన్నాను.

పోటీ రోజు కట్ట మీద నేనూ అమ్మా నిలబడ్డాం. సిలిండర్ పిన్ను ముందే లాగి పెట్టుకున్నాను. పక్కవాళ్లు నాకు కొంచెం దూరంగా జరిగారు. కారు దుమ్ము లేపుకుంటూ పోయి, చెరువు అవతల మలుపు తిరిగి, కంపచెట్ల వెనక్కి పోయింది. చప్పుడు సన్నబడింది. నేను చెట్ల పైకే చూస్తున్నాను. అక్కడ దుమ్ము లేచింది. ఎర్రమట్టి దుమ్ము. ఎర్రగానే ఉండాలని, తెల్లబడకూడదని చూస్తున్నాను. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే తర్వాత గుర్తులు పడ్డాయి. అప్పుడు ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.

"వస్తాండాదేమిరా?"

"వస్తాదిలేమ్మా."

"పొగ గాదు గదా అది?"

"దుమ్మే."

"బాగా సూడు."

"సూస్తానే ఉండా."

కారు బయటికొచ్చింది. కట్ట దగ్గరికొచ్చి ఆగింది. టక్. ఆమె దిగి హెల్మెట్ తీసింది. మంచి సమయం కాదు, గెలిచేంత కాదు. కంపచెట్ల వెనక కాలు కొంచెం వెనక్కి తీశానని తనే చెప్పింది. ఎందుకని మేం అడగలేదు.

నేను బానెట్ ఎత్తాను. నా జాలీని లెక్కచేయకుండా, గొట్టాల సందుల్లో చెరువుగడ్డి గుప్పెడు ఇరుక్కుని ఉంది. పసుపుపచ్చగా, ఎలా వచ్చిందో అలానే ఉంది. కొసల్లో మాత్రం కొంచెం కమిలింది. గొట్టాలు చల్లారేదాకా ఆగి, అమ్మ చెయ్యి పెట్టి ఆ గడ్డిని పీకింది. ముక్కుకు పెట్టుకుని వాసన చూసింది. నాకూ చూపించింది, నా భార్యకూ చూపించింది. తర్వాత దాన్ని కొంగులో మూట కట్టుకుంది.

ఇంటికొచ్చాక బర్రె ముందు వేసింది. బర్రె కాసేపు దాన్ని అటూ ఇటూ మూతితో కదిపి, ఏ అనుమానమూ లేకుండా తినేసింది.

నాకు ఆ రోజు అన్నం సయించలేదు. మరుసటి రోజు తిన్నాను.